ఆర్థర్ రస్సెల్ పాటలు ఎక్కడ మొదలుపెట్టి వినాలి? ఇవన్నీ ఒకే మనిషి చేసినవేనా?

వెన్నెలపిట్ట:

అందరికీ నమస్కారం. నేను పాటలు రాసి, బాణీలు కట్టి, నా గదిలోనే రికార్డు చేసుకుంటాను. మూడేళ్లలో పదకొండు పాటలయ్యాయి. వాటిలో రెండు జానపదంలా ఉంటాయి. మూడింటికి నృత్యపు దరువు ఉంది. ఒకదానిలో గొంతు, వయొలిన్ తప్ప మరేమీ లేవు. వినిపించిన ప్రతివారూ దాదాపు ఒకే మాట అన్నారు: "బాగున్నాయి కానీ ఒక్క మనిషి చేసినట్టు లేవు. ముందు నీ దారి ఏదో తేల్చుకో." ఆ మాట విని విని అలసిపోయాను. రెండు నెలలుగా కొత్తగా ఏదీ మొదలుపెట్టలేదు.

పోయిన వారం ఒక స్నేహితురాలు 'వరల్డ్ ఆఫ్ ఎకో' అనే ఆల్బం పంపింది. ఆర్థర్ రస్సెల్ అనే అమెరికన్ సంగీతకారుడు 1986లో చేసినది. చెల్లో (వయొలిన్ జాతికే చెందిన పెద్ద తీగవాద్యం), గొంతు, ప్రతిధ్వని, అంతే. మొదటి రెండు పాటలు నాకు ఏమీ అందలేదు. మూడోది, 'ఆన్సర్స్ మీ', వస్తున్నప్పుడు చేస్తున్న పని ఆపి కూర్చున్నాను. ఎందుకు ఆపానో ఇప్పటికీ చెప్పలేను. ఆ తర్వాత ఆయన పేరుతో వెతికితే డిస్కో పాటలు వచ్చాయి, ఆర్కెస్ట్రా సంగీతం వచ్చింది, గిటారు పట్టుకుని తీరిగ్గా పాడిన పల్లెపాటల వంటివి వచ్చాయి.

ఇవన్నీ నిజంగా ఒక్కరివేనా? అయితే ఏ వరసలో వినాలి? ఆయన హిందుస్థానీ సంగీతం నేర్చుకున్నారని ఒకచోట చదివాను. అది పాటల్లో ఎక్కడైనా వినిపిస్తుందా? ఇన్ని రకాలుగా పనిచేసిన మనిషి ఎలా బతికారో, "దారి తేల్చుకో" అన్నవారికి ఏం చెప్పారో కూడా తెలుసుకోవాలని ఉంది. తెలిసినవారు వివరంగా రాయండి. ఎంత పొడవైనా చదువుతాను.

మంద్రస్థాయి:

వెన్నెలపిట్ట గారూ, మీ ప్రశ్న నిన్న రాత్రి చూశాను. పొద్దున లేచి మొదటి పనిగా ఇది రాస్తున్నాను. నేను పంతొమ్మిదేళ్లుగా సౌండ్ మిక్సింగ్ చేస్తున్నాను, అంటే విడివిడిగా రికార్డు చేసిన శబ్దాలను కలిపి పాటగా తీర్చే పని. అంతకుముందు పదకొండేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. 'వరల్డ్ ఆఫ్ ఎకో' మొదటిసారి విన్నప్పుడు ఫైలు పాడైందనుకుని మళ్లీ దించుకున్నాను. రెండోసారీ అలాగే ఉంది. గొంతు మీద ప్రతిధ్వని, దాని మీద చెల్లో, చెల్లో మీద మళ్లీ గొంతు. ఏది ముందుందో, ఏది వెనక ఉందో తెలియలేదు. పాడే మాట స్పష్టంగా వినబడేలా చేయడమే నా వృత్తి. ఈయన తన మాటను తెలిసి తెలిసి నీళ్లలో ముంచారు. అది తప్పు కాదని నా చెవి ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

అన్నీ ఒక్కరివే. మీకు అనుమానం రావడానికి మరో కారణం ఉంది. ఆయన డిస్కో రికార్డుల మీద సొంత పేరు వేసుకోలేదు. డైనోసార్, లూస్ జాయింట్స్, డైనోసార్ ఎల్, ఇండియన్ ఓషన్ అని రికార్డుకో పేరు. 1980లో న్యూయార్క్ క్లబ్బుల్లో ఆ పాటలకు ఆడినవారిలో చాలామందికి వాటి వెనక ఒక చెల్లో కళాకారుడున్నాడని తెలిసి ఉండదు.

ఆయన 1951 మే 21న అయోవా రాష్ట్రంలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆస్కలూసా అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ఆ ఊరికి మేయరుగా పనిచేశారు. తల్లి చెల్లో వాయించేవారు. పద్దెనిమిదేళ్ల వయసులో రస్సెల్ శాన్ ఫ్రాన్సిస్కో చేరి ఒక బౌద్ధ సమూహంతో కలిసి జీవించారు. అక్కడ చెల్లో వాయించడానికి ఒప్పుకోకపోతే, బట్టల అలమరలో కూర్చుని సాధన చేసేవారట. ఈ సంగతి చదివినప్పటి నుంచి నాకు ఆ అలమరే కళ్లముందు ఉంటుంది. రికార్డింగ్ పనిలో ఉన్నవారెవరికైనా తెలుసు, బట్టలు వేలాడే అలమర శబ్దాన్ని పూర్తిగా తాగేస్తుంది. పలికిన స్వరం పలికినచోటే ఆగిపోతుంది, తిరిగి రాదు. అలాంటి చోట వాయించిన కుర్రవాడు పదిహేనేళ్ల తర్వాత ఆల్బం నిండా ప్రతిధ్వనే నింపారు. రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ రాయలేదు. నాకు మాత్రం ఉందనిపిస్తుంది.

హిందుస్థానీ సంగతి. శాన్ ఫ్రాన్సిస్కోకు దగ్గర్లో ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ నడిపిన సంగీత కళాశాలలో ఆయన చదువుకున్నారు. ఖాన్ సాహెబ్‌ది సరోద్. సరోద్‌కు మెట్లు ఉండవు, చెల్లోకూ ఉండవు. స్వరం నుంచి స్వరానికి వేలు జారుతూ వెళ్తుంది, ఆ జారే దారిలోనే సంగీతం ఉంటుంది. వయొలిన్ నేర్చుకున్నారంటే మీకు నేను చెప్పనక్కర్లేదు. రస్సెల్ పాటల్లో రాగం ఫలానా అని వెతకకండి, దొరకదు. ఆయన గొంతును గమనించండి. పాశ్చాత్య పాప్ గాయకుడు స్వరం మీద నిలబడి మాట పలుకుతాడు. ఈయన స్వరానికి కొంచెం కిందినుంచి మొదలై, మాట సగంలో దాన్ని చేరి, అక్కడ ఆగకుండా దాటిపోతారు. చెల్లో కింద ఒకే స్వరాన్ని పట్టుకుని శ్రుతిలా సాగుతుంది. ఆయన నేర్చుకున్నది ఇక్కడే మిగిలిందని నా అభిప్రాయం.

ఆ రోజుల్లోనే కవి ఆలెన్ గిన్స్‌బర్గ్‌తో స్నేహం కలిసింది. ఆయన కవిత్వం చదువుతుంటే పక్కన రస్సెల్ చెల్లో వాయించేవారు. 1973లో న్యూయార్క్ వెళ్లి మాన్‌హట్టన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరారు. అక్కడి పద్ధతి ఆయనకు సరిపడలేదు. 1974లో 'ద కిచెన్' అనే ప్రయోగ కళల వేదికకు సంగీత నిర్దేశకులయ్యారు. గంభీరమైన నూతన సంగీతం వినడానికి వచ్చే ఆ శ్రోతల ముందుకు ఆయన 'మోడర్న్ లవర్స్' అనే రాక్ బృందాన్ని తెచ్చి నిలబెట్టారు. అప్పుడు ఆయనకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు. "దారి తేల్చుకో" అన్నవారికి ఏం చెప్పారని అడిగారు కదా. నోటితో ఏం చెప్పారో గాని, ఇది చేశారు.

డిస్కోలోకి కూడా ఆయన వినోదం కోసం వెళ్లలేదు, చెవి తీసుకెళ్లింది. డీజే నిక్కీ సియానో నడిపిన 'గ్యాలరీ' క్లబ్బుకు వెళ్లి, ఒకే పదబంధం గంటల తరబడి తిరగడం, ఆ తిరుగుడులో చిన్న చిన్న మార్పులు రావడం విన్నారు. ఫిలిప్ గ్లాస్ వంటి స్వరకర్తలు కచేరీ వేదిక మీద చేస్తున్నదీ అదే కదా, పునరావృతం. రెండు చోట్లా ఒకే సూత్రం ఉందని అప్పట్లో చెవితో పట్టుకున్నవారు తక్కువ. 1978లో డైనోసార్ పేరుతో 'కిస్ మీ అగైన్' వచ్చింది. సైర్ రికార్డ్స్ విడుదల చేసిన మొదటి డిస్కో సింగిల్ (ఆల్బం కాకుండా విడిగా వచ్చే పాట) అదే. అందులో గిటారు వాయించినవారిలో టాకింగ్ హెడ్స్ అనే రాక్ బృందానికి చెందిన డేవిడ్ బర్న్ ఒకరు. తర్వాత 1980లో లూస్ జాయింట్స్ పాట, 'ఈజ్ ఇట్ ఆల్ ఓవర్ మై ఫేస్'. దాన్ని డీజే లారీ లెవాన్ తనదైన రీతిలో మళ్లీ మిక్స్ చేస్తే పారడైజ్ గరాజ్ క్లబ్బులో ఆ పాట పెద్ద పేరు తెచ్చుకుంది. 1981లో విల్ సోకొలోవ్‌తో కలిసి స్లీపింగ్ బ్యాగ్ రికార్డ్స్ అనే సొంత సంస్థే పెట్టారు. అందులో ఎక్కువకాలం ఉండలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 'వరల్డ్ ఆఫ్ ఎకో'లో 'ట్రీ హౌస్', 'వాక్స్ ద వ్యాన్', 'లెట్స్ గో స్విమ్మింగ్' అనే పాటలున్నాయి. ఈ మూడూ నృత్యపు రికార్డులుగా కూడా వచ్చాయి. అదే పాట ఒకచోట చెల్లో, గొంతుతో ఉంది, మరోచోట డ్రమ్ములు, కీబోర్డులతో ఉంది. మీరు మొదట ఈ జంటల్లో ఒకదాన్ని పట్టుకోండి. 'లెట్స్ గో స్విమ్మింగ్' నృత్యపు రూపాన్ని డీజే వాల్టర్ గిబ్బన్స్ మిక్స్ చేశారు. ముందు అది వినండి, వెంటనే ఆల్బంలోని చెల్లో రూపం వినండి. రెండోదానిలో డ్రమ్ము లేదు. అయినా తల ఊగుతుంది. ఎందుకంటే తీగ మీద విల్లు కొట్టిన చప్పుడు, అది తిరిగి వచ్చిన ప్రతిధ్వని, ఈ రెండింటి మధ్య వ్యవధే తాళమైంది. ఆయన డిస్కోను వదిలి చెల్లోకు రాలేదు, డిస్కోలోని డ్రమ్ములను తీసేసి దాని ఎముకను మిగిల్చారు. ఇది విన్నాక "ఒక్క మనిషి చేసినట్టు లేవు" అన్న మాట నా చెవికి అర్థం లేనిదైపోయింది. ఆయనది ముందునుంచీ ఒకే దారి. రికార్డుల దుకాణంలో అరలు వేరు, అంతే.

ఆ తర్వాత 'కాలింగ్ అవుట్ ఆఫ్ కాంటెక్స్ట్' వినండి, పాప్‌కు బాగా దగ్గరగా ఉంటుంది. అప్పుడు 'లవ్ ఈజ్ ఓవర్‌టేకింగ్ మీ', మీరు పల్లెపాటలన్నవి అందులో ఉన్నాయి. ఆర్కెస్ట్రా పని 'టవర్ ఆఫ్ మీనింగ్'కు చివర రండి. దానికి ఓపిక కావాలి.

బతుకు సంగతి సూటిగా చెబుతాను. డబ్బు లేదు. తూర్పు 12వ వీధిలో గిన్స్‌బర్గ్ ఉన్న భవనంలోనే ఉండేవారు. గిన్స్‌బర్గ్ తన ఇంటి నుంచి తీగ వేసి ఈయన ఇంటికి కరెంటు ఇచ్చిన రోజులున్నాయి. వాక్‌మన్‌లో తన మిక్సులు పెట్టుకుని న్యూయార్క్ వీధుల్లో, స్టాటెన్ ఐలాండ్ పడవ మీద తిరుగుతూ వినేవారు. చనిపోయేనాటికి వెయ్యికి పైగా టేపులు మిగిలాయి. ఒకే పాటకు 40 మిక్సులున్నాయి. నా వృత్తిలో 40 మిక్సులంటే ఆ మనిషికి తన పాట ఏమిటో తెలియదని అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోను. పడవ మీద ఒకలా, నది ఒడ్డున ఒకలా వినిపించే పాటకు ఒక్క రూపమే ఎందుకుండాలి?

రాత్రిబండి:

మంద్రస్థాయి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నేను డీజేని, వారాంతాల్లో పాటలు వేస్తాను. నా దృష్టిలో మొదట వినవలసింది డైనోసార్ ఎల్ 'గో బ్యాంగ్', అదీ డీజే ఫ్రాన్స్వా కెవార్కియన్ చేసిన మిక్సు. ఇయర్‌ఫోన్లలో కాకుండా, పెద్ద స్పీకర్ల ముందు నిలబడి వినండి.

దాని మూలరూపం '24→24 మ్యూజిక్' అనే ఆల్బంలో ఉంది. ప్రతి 24 బార్లకూ (బార్ అంటే మన తాళావర్తం వంటి కొలత) లయ మారేలా కట్టిన సంగీతం అది. డిస్కో ఆడేవారు ఎనిమిది, పదహారు లెక్కకు అలవాటుపడి ఉంటారు. ఈయన 24 అన్నారు. దరువు వేసింది ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఇన్‌గ్రామ్ సోదరులు. ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదువాద్యం పీటర్ జుమ్మోది. ఆర్గన్ వాయించి, ఆ లోతైన గొంతుతో పాడింది జూలియస్ ఈస్ట్‌మన్. ఆయన స్వయంగా గొప్ప నూతన సంగీత స్వరకర్త. సంగీత పాఠశాలల్లో చదివినవారు, క్లబ్బుల్లో పండినవారు ఒకే గదిలో కూర్చుని వాయించారు. ఎవరూ తగ్గి వాయించలేదు. కెవార్కియన్ ఆ కుప్పలోంచి ఒక్కొక్క శబ్దాన్ని విడదీసి, ఖాళీ ఇచ్చి, మళ్లీ కలిపారు.

నేను దీన్ని వేసినప్పుడల్లా మొదటి నిమిషంలో కొందరు ఆగిపోతారు, ఎక్కడ అడుగు వేయాలో తెలియక. మూడో నిమిషానికి వాళ్లే అందరికంటే ఎక్కువగా ఆడుతుంటారు. ఆ రెండు నిమిషాలు చూడటం నాకు ఎంతో ఇష్టం.

సిరాచుక్క:

పై ఇద్దరి మాటలూ ఆనందంగా చదివాను. ఒక విషయంలో మాత్రం మంద్రస్థాయి గారితో విభేదిస్తున్నాను. 40 మిక్సులను స్వేచ్ఛగా చూడటం అందంగా ఉంది, కానీ పూర్తి నిజం కాదు. పాట ముగించలేకపోవడం ఆయనను బాధించిందని, చుట్టూ ఉన్నవారినీ అలసిపోయేలా చేసిందని ఆయనతో పనిచేసినవారి మాటల్లో కనబడుతుంది. వెన్నెలపిట్ట గారు పాటలు ఆపుకుని కూర్చున్నారు కాబట్టి ఈ వైపు కూడా చెప్పాలి.

'టవర్ ఆఫ్ మీనింగ్' కథ చూడండి. దర్శకుడు రాబర్ట్ విల్సన్ రంగస్థలం మీద ప్రదర్శించబోయే 'మీడియా' అనే ప్రాచీన గ్రీకు నాటకం కోసం రాసిన సంగీతం అది. ఇద్దరికీ పొసగలేదు, పని చేజారిపోయింది. చివరికి 1983లో ఫిలిప్ గ్లాస్ సొంత రికార్డు సంస్థ ద్వారా 320 ప్రతులు మాత్రమే వచ్చాయి. అంతకుముందు కొలంబియా సంస్థకు చెందిన జాన్ హామండ్ రస్సెల్ పాటలను రికార్డు చేయించారు. గాయకుడు బాబ్ డిలన్‌ను మొదట గుర్తించింది ఈ హామండే. అవి ఆల్బంగా రాలేదు. తన పేరుతో, తన పాటలతో ఆయన బతికుండగా వచ్చిన ఆల్బం 'వరల్డ్ ఆఫ్ ఎకో' ఒక్కటే. ఆ ఒక్కటీ కొద్దిమందే కొన్నారు.

అద్దె, తిండి ఎక్కడినుంచి వచ్చాయో కూడా చెప్పుకోవాలి. తల్లిదండ్రులు సాయం చేశారు. జీవన సహచరుడు టామ్ లీ ఉద్యోగం చేసి ఇల్లు నడిపారు. వెయ్యి టేపుల వెనక ఒక మనిషి నెలజీతం ఉంది. మనం ఆ పేరు చెప్పకుండా కళాకారుడి ఏకాంతం గురించి మాట్లాడితే నాకు మనసొప్పదు.

1980ల న్యూయార్క్‌లో ఎయిడ్స్ ఒక తరం కళాకారులను తీసుకుపోయింది. రస్సెల్ 1992 ఏప్రిల్ 4న ఆ జబ్బుతోనే చనిపోయారు. నలభై ఏళ్లు. జూలియస్ ఈస్ట్‌మన్ గుండె ఆగి 1990లోనే వెళ్లిపోయారు, ఆయన ఇల్లు లేని స్థితిలో గడిపిన మనిషి. వాల్టర్ గిబ్బన్స్ 1994లో. లారీ లెవాన్ గుండె జబ్బుతో 1992లో, రస్సెల్ పోయిన కొన్ని నెలలకే. పై పోస్టుల్లో వచ్చిన పేర్లను మళ్లీ చదివి చూడండి. ఈ మనుషులు ఇంకో ఇరవై ఏళ్లు ఉండి ఉంటే 40 మిక్సుల్లో ఏది సరైనదో రస్సెల్ తేల్చుకునేవారేమో. తేల్చుకునే సమయం దొరకలేదు. దాన్ని మనం ఆయన ఎంపిక అనడం సరికాదని నా ఉద్దేశం.

ఆ తర్వాత జరిగింది మాత్రం అరుదైన సంగతి. స్టీవ్ నట్సన్ అనే వ్యక్తి ఈ టేపుల కోసమే ఆడికా రికార్డ్స్ పెట్టి, టామ్ లీతో కలిసి ఒక్కొక్కటిగా బయటికి తెచ్చారు. 'కాలింగ్ అవుట్ ఆఫ్ కాంటెక్స్ట్' 2004లో, 'లవ్ ఈజ్ ఓవర్‌టేకింగ్ మీ' 2008లో, 'అయోవా డ్రీమ్' 2019లో. మాట్ వుల్ఫ్ 2008లో 'వైల్డ్ కాంబినేషన్' అనే డాక్యుమెంటరీ తీశారు. అందులో ఆస్కలూసాలోని తల్లిదండ్రులు మాట్లాడతారు, తప్పక చూడండి. టిమ్ లారెన్స్ రాసిన జీవితచరిత్ర 2009లో వచ్చింది. ఇప్పుడు ఆయన కాగితాలు, టేపులు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

వెన్నెలపిట్ట గారూ, మీరు పని ఆపి కూర్చున్న ఆ మూడో పాటనే 2016లో ర్యాప్ గాయకుడు కాన్యే వెస్ట్ తన '30 అవర్స్' పాటలో వాడుకున్నారు. కోట్లమంది చెవిన పడింది.

మంద్రస్థాయి:

సిరాచుక్క గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. టామ్ లీ పేరు నేను రాయకపోవడం లోపమే. పూర్తికాని పనిలో నాకు అందం కనిపించింది, ఎందుకంటే దాని అద్దె నేను కట్టలేదు. అయితే ఒక్క మాట. ఆయన ముగించిన ఆ ఒక్క ఆల్బంలో పాటలు కూడా ఒకదానిలోంచి ఒకటి పుట్టినట్టు, ఆగకుండా సాగుతాయి. కొన్నిచోట్ల రెండేసి, మూడేసి పేర్లు కలిపి ఒకే పాటగా పెట్టారు. ముగించగలిగినప్పుడు కూడా గట్టిగా గీత గీసి ముగించలేదు. అది సమయం చాలక చేసినది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

వెన్నెలపిట్ట:

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రెండు రోజులుగా ఇదే వింటున్నాను.

'లెట్స్ గో స్విమ్మింగ్' రెండు రూపాలూ మంద్రస్థాయి గారు చెప్పిన వరసలోనే విన్నాను. నిజం చెబితే నృత్యపు రూపం నాకు నచ్చలేదు. అన్ని వైపులనుంచీ శబ్దాలు మీద పడుతున్నట్టు ఉంది. కానీ చెల్లో రూపం మొదలైనప్పుడు, ఇందాక కీబోర్డు పలికినచోట ఇప్పుడు ఏమీ లేకపోయినా నా చెవి దాన్ని పలికించుకుంది. ఇలా నాకు ఎప్పుడూ జరగలేదు. 'గో బ్యాంగ్' స్నేహితురాలి ఇంట్లో పెద్ద స్పీకర్లలో విన్నాం. ఆమె రెండేళ్ల కొడుకు మాకంటే ముందు ఊగడం మొదలుపెట్టాడు.

సిరాచుక్క గారు రాసిన పేర్ల వరస, సంవత్సరాలతో సహా, చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. డాక్యుమెంటరీ ఈ రాత్రి చూస్తాను.

నిన్న నా పాటల్లో దరువున్న ఒకదాన్ని తెరిచి డ్రమ్ములన్నీ తీసేశాను. వయొలిన్, గొంతు మిగిలాయి. వాటికి ప్రతిధ్వని పెట్టాను. కానీ ఆయన పాటల్లోలా నడక రాలేదు, గుహలో పాడినట్టు మసకగా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మంద్రస్థాయి:

గుహలా ఉందంటే మీరు పెట్టింది రివర్బ్ అయి ఉంటుంది. అది శబ్దాన్ని పొగలా పరుస్తుంది, అందులో లెక్క ఉండదు. మీకు కావలసింది డిలే. పలికినదాన్ని పట్టుకుని, కొంత వ్యవధి తర్వాత మళ్లీ పలికేది. ఆ వ్యవధిని మీ పాట లయకు ముడిపెట్టాలి. 60,000ను పాట వేగంతో భాగించండి. నిమిషానికి 100 దెబ్బల వేగమైతే ఒక్కో దెబ్బకు 600 మిల్లీసెకన్లు. డిలేను 600కే పెడితే ప్రతిధ్వని తర్వాతి దెబ్బ మీద పడి దానిలో కలిసిపోతుంది, వినబడదు. ముప్పావు దెబ్బకు, అంటే 450కి పెట్టండి. అప్పుడది రెండు దెబ్బల మధ్య ఖాళీలో పడుతుంది, అక్కడ కొత్త దరువు పుడుతుంది. మూడు నాలుగు సార్లు తిరిగి వచ్చి తగ్గిపోయేలా చూడండి. తిరిగి వచ్చే శబ్దంలో తీక్షణమైన పైస్థాయిని కొంచెం కోస్తే మాట మీద మాట పొర్లదు.

ఇంకొకటి, నా ఉద్దేశంలో ఇదే ముఖ్యం. పాడేశాక ప్రతిధ్వని అతికించకండి. రస్సెల్ కచేరీల్లో కూడా ఎకో పరికరాలను పక్కన పెట్టుకునే వాయించేవారు. మీరూ ఇయర్‌ఫోన్లలో ప్రతిధ్వని వింటూ పాడండి. అప్పుడు మీ గొంతు తనంతట తానే ఆగి, తిరిగి వచ్చేదానికి చోటిస్తుంది. వయొలిన్ కూడా అలాగే. తీగను విల్లుతో లాగడమే కాకుండా అప్పుడప్పుడు గిల్లి చూడండి, విల్లు కట్టెతో మెల్లగా తట్టి చూడండి. డ్రమ్ము లేని లోటు అక్కడ తీరుతుంది.

డ్రమ్ములున్న పాత ఫైలును మాత్రం చెరిపేయకండి. రెండూ ఉంచుకోండి. కుదిరితే రెండూ ఇక్కడ పెట్టండి, వింటాను.